ఎస్టిమేటులో లేని రాయి

(కిన్వట్ తాలూకా గోకుందలో చేసిన స్మారక ఉపన్యాసానికి అచ్చు ప్రతి)

తెలుగులో అయితే నమస్కారం, మరాఠీలో అయితే నమస్కార్. చివర ఒక్క సున్నా తేడా. ఆ సున్నా ఎప్పుడు పెట్టాలో ఎప్పుడు తీసెయ్యాలో గోకుందవాళ్లకు తెలిసినంతగా నాకు తెలియదు.

మాస్టారి పేరున ఏటా జరిగే ఈ ఉపన్యాసం ఈసారి నన్ను చెయ్యమని కబురు వచ్చినప్పుడు, వేరే ఇంటికి పోవాల్సిన ఉత్తరం నాకు చేరిందేమో అనుకున్నాను. ఇంతకుముందు ఇక్కడ మాట్లాడినవాళ్లంతా చదువుకున్నవాళ్లు. నేను ఆదిలాబాద్ అడవుల్లో ముప్పై ఏళ్లు సిమెంటు బస్తాలు లెక్కపెట్టిన ఇంజనీరుని. నేను రాసిన పుస్తకమంటూ ఉంటే అది కొలతల పుస్తకం. పొడవు, వెడల్పు, లోతు, ఆ పక్కన పరిమాణం, కింద సంతకం. అందులో కవిత్వం లేదు, అప్పుడప్పుడూ కల్పన ఉండేదని గిట్టనివాళ్లు అంటారు.

మాస్టారితో పరిచయం కూడా అలాంటి పని మీదే అయింది. సరిహద్దు దగ్గర ఒక కల్వర్టు కట్టిస్తున్నాను. ఆయన సైకిల్ దిగి చాలాసేపు నిలబడి చూశారు. గట్టిగా ఉంటదా అనలేదు, ఎన్ని పైసలైనయి అనలేదు. "సార్, పునాది తీసిన రోజు కూలోళ్లకు అన్నం ఎవరు పెట్టిండ్రు?" అని అడిగారు. అది కాంట్రాక్టరు సంగతి, నాకేం తెలుసు అని నవ్వాను. ఆయన నవ్వలేదు. "అది కూడా రాసుకుంటే బాగుండు" అని సైకిలెక్కి పోయారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు స్నేహం. ఏ కొత్త కట్టడం దగ్గర నిలబడ్డా ఆయన అడిగేది ఆ ఒక్క మాటే. ఆయన ఉన్నన్నాళ్లూ నేను జవాబు చెప్పలేదు. ఇవాళ ప్రయత్నిస్తాను. ఒక జాతి తన బతుకును కట్టడంగా నిలబెట్టుకోవాలనుకుంటే ఏం కడుతుంది, ఎలా కడుతుంది అన్నది నా విషయం.

ముందు మన నేల సంగతి. 1956 నవంబరు 1కి ముందు ఈ కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజన చట్టంలో ఒకటి రెండు పంక్తుల్లో కథ ముగిసింది. కిన్వట్ తాలూకా, రాజురా తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ ఇటు బొంబాయి రాష్ట్రానికి వచ్చాయి. నాందేడ్ జిల్లాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లు అటు ఆదిలాబాద్ వైపు పోయాయి. వదినా మరదళ్లు చీరలు మార్చుకున్నట్టు రెండు రాష్ట్రాలు ఊళ్లు మార్చుకున్నాయి. సంబంధాలకు, ఎడ్ల సంతలకు, దేవుళ్లకు మాత్రం ఎవరూ కబురు పెట్టలేదు. అటువాళ్లు మాహూరు రేణుకమ్మ దగ్గరికి వస్తూనే ఉన్నారు, ఇటువాళ్లు కేస్లాపూర్ నాగోబా దగ్గరికి పోతూనే ఉన్నారు.

మారింది బడి. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీమ్‌ను కాల్చి చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో చూడమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ని పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి, గోండు పిల్లలకు గోండీలోనే చదువు మొదలుపెట్టించాడు. వాచకాలు దేవనాగరి లిపిలో ఉండేవి. 1956 తర్వాత సరిహద్దు గీతకు ఇవతల మరాఠీ బడి, అవతల తెలుగు బడి. ఒకే వంశపు అన్నదమ్ముల పిల్లలు చెరో లిపిలో తమ పేరు రాసుకోవడం నేర్చారు. ఈ గీతకు దగ్గర్లోనే, నార్నూర్ మండలం గుంజాలలో, గోండీకి సొంత లిపి ఉన్న పాత రాతప్రతులు దొరికాయి. జయధీర్ తిరుమలరావు గారి వంటివాళ్ల పట్టుదల వల్ల వాటికి వెలుగు వచ్చి, 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. ఇప్పుడు ఆ అక్షరాలను సెల్‌ఫోన్‌లో కూడా కొట్టొచ్చు. బడిలో ఎప్పుడు దిద్దుతారో మాస్టారు ఉంటే అడిగేవాణ్ని.

ఇక నా నేరం ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గోండు గూడెంలో సాంస్కృతిక భవనం కట్టే పని నాకు అప్పజెప్పారు. గూడెం నడుమ చదునైన జాగా కనబడింది. నేల గట్టిగా ఉంది, లెవెల్ చేసే ఖర్చు లేదు. పటేల్‌ను అడిగితే "మీ ఇష్టం సార్" అన్నాడు. ఆ మాటకు ఒప్పుకోలు అని అర్థం కాదని తెలియడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది. భవనం అనుకున్న గడువుకు లేచింది. ముందు గోడ మీద నెమలి ఈకల టోపీతో గుస్సాడీ నర్తకుడి బొమ్మ వేయించాం. దీపావళి వచ్చింది. పక్క ఊరి దండారి బృందం వాయిద్యాలతో వచ్చి గూడెం బయట చేనులో ఆడింది. ఎందుకని అడిగితే ఒక ముసలావిడ చెప్పింది, వాళ్లు ఎప్పుడూ ఆడే చోటు నా భవనం కింద ఉందట. గుస్సాడీకి గోడ మీద చోటిచ్చి నేల మీద చోటు లేకుండా చేశాను. తర్వాత ఆ భవనంలో మేకల్ని కట్టేసేవారు. వానకు మేకలు తడవలేదు, అంతవరకు ప్రభుత్వ సొమ్ము దండగ కాలేదు.

ఆ దెబ్బ తర్వాతే ఇలాంటి కట్టడాలు లోకంలో ఎక్కడ ఎలా కట్టారో చదవడం మొదలుపెట్టాను. చదివినవాటిలో నన్ను వదలనిది పసిఫిక్ సముద్రంలోని గువామ్ దీవి. అక్కడి మూలవాసులు చమోరోలు. వాళ్ల గుర్తు ఒక రాయి, పేరు లాటె. కాఫీ హోటల్లో బోర్డు మీద రాసే లాటె కాదు. దీనిలో రెండు ముక్కలుంటాయి. నిలువు స్తంభం పేరు హలిగి, దాని మీద బోర్లించిన గిన్నెలాగా కాక, గుండ్రటి వైపు కిందికి, చదునైన వైపు పైకి ఉండేలా పెట్టే అర్ధగోళం పేరు తాసా. రెండు వరసల్లో ఈ స్తంభాలు నిలబెట్టి, వాటి మీద కొయ్య, ఆకులతో ఇళ్లు కట్టుకునేవారు. ఇనుము ఎరగని మనుషులు రాతి పనిముట్లతో, గవ్వలతో సున్నపురాయిని చెక్కి తీశారు. దాదాపు వెయ్యేళ్ల కిందట మొదలైన ఈ పద్ధతి స్పెయిన్‌వాళ్లు వచ్చేదాకా సాగింది. ఆ దీవుల వరసలోనే ఉన్న టినియన్ దీవిలో టాగా అనే పెద్ద ఇంటి స్తంభాల్లో ఇప్పుడు నిలబడి ఉన్నది ఒక్కటే. రోటా దీవిలో ఇంకా పెద్దవి, చెక్కడం సగంలో ఆగి క్వారీలోనే పడి ఉన్నాయి. సున్నం లేదు, సిమెంటు లేదు. గుండ్రటి రాయిని స్తంభం నెత్తిన కూర్చోబెట్టి దాని మీద ఇంటి బరువు మోపడమంటే, నా కింది ఉద్యోగి ఎవరైనా అలాంటి డ్రాయింగు తెస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ని. అది వందల ఏళ్లు నిలిచింది.

1668లో స్పెయిన్ మిషనరీలు దిగాక చమోరోలను పాత ఊళ్లలోంచి ఖాళీ చేయించి చర్చి చుట్టూ చేర్చారు. యుద్ధాలు, రోగాలు కలిసి జనాన్ని తినేశాయి. లాటె మీది ఇళ్లు పోయాయి, రాళ్లు అడవిలో మిగిలాయి. 1898లో దీవి అమెరికా చేతికి వచ్చింది. బడిలో చమోరో మాట్లాడితే శిక్షలు వేసిన కాలం ఒకటి నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం భూములు తీసుకుంది. ఫేనా ప్రాంతంలో సైన్యం జాగాలో చిక్కుకున్న ఎనిమిది లాటెలను 1950లలో తీసుకొచ్చి రాజధాని హగట్న పార్కులో నిలబెట్టారు. సొంత పూర్వీకుల ఇంటి స్తంభాలను చూడాలంటే పార్కుకు పోవాలి. మనూళ్లలో గోండు దేవుళ్లను చూడ్డానికి మ్యూజియానికి పోయినట్టే.

అక్కడి గవర్నరు రికార్డో బోర్డాలోకు 1970లలో ఒక కల వచ్చింది. అమెరికా తూర్పు తీరంలో స్వేచ్ఛాదేవి విగ్రహం ఉన్నట్టు, ఆ జెండా ఎగిరే పడమటి కొసన ఒక మహా లాటె లేవాలి అని. డబ్బులు చాలక, పాలకులు మారి, ఆయన కన్నుమూసిన ఇరవై ఏళ్లకు, 2010లో, అడెలప్ కొండకొమ్మున 80 అడుగుల లాటె పూర్తయింది. లోపల ఎక్కి సముద్రం చూసేలా కట్టారు. చమోరోలు గర్వపడతారు, పడాలి కూడా. కానీ నాకు ఒక చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. అసలు లాటె మీద ఒక కుటుంబం అన్నం వండుకునేది. ఈ కాంక్రీటు లాటె మీద ఎవరూ కాపురం ఉండరు. స్తంభం గుర్తుగా మారినప్పుడు పైనున్న పొయ్యి ఎక్కడికి పోయింది? మాస్టారి ప్రశ్న అక్కడా నన్ను వదల్లేదు.

ఇప్పుడు మన అడవికి వద్దాం. ఆదిలాబాద్ వైపు గోండుల పేరున నిలిచిన కట్టడాలు మూడింటిని నేను కొలిచి చూశాను. టేపుతో కాదు, మాస్టారి ప్రశ్నతో.

ఇంద్రవెల్లి సంగతి ఇక్కడి పెద్దలకు చెప్పనక్కర్లేదు. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభకు అనుమతి రద్దయిందని తెలియని జనం గూడేల నుంచి నడిచి వచ్చారు. పోలీసులు కాల్చారు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. జనం లెక్క అంతకు చాలా ఎక్కువ. అక్కడ స్తూపం లేచింది. దానికి ఏ ఆఫీసులోనూ ఎస్టిమేటు లేదు. 1986లో దాన్ని కూల్చేశారు. మళ్లీ కట్టారు. ఏటా ఏప్రిల్ 20న అక్కడికి ఎవరూ రాకుండా దశాబ్దాలపాటు నిషేధాజ్ఞలు పెట్టారు. 2024 ఫిబ్రవరిలో అదే చోట ముఖ్యమంత్రి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. కూలిన కట్టడమే ఎక్కువ మాట్లాడిందని నాకు అనిపిస్తుంది. కాపలా లేకుండా చూడనివ్వని రాయిని చూడ్డానికి జనం ఎంత దూరమైనా వస్తారు.

జోడేఘాట్‌లో కట్టింది ప్రభుత్వం. 2014లో 25 కోట్లు ప్రకటించి, 2016కల్లా భీమ్ స్మారకం, మ్యూజియం కట్టేశారు. నేను ఆ శాఖల తిండి తిన్నవాణ్ని, తేలిగ్గా మాట్లాడను. ఆ కొండమీదికి రాయి, ఇనుము చేర్చడం మాటలు కాదు. మ్యూజియంలో గోండు బతుకును బొమ్మలుగా పెట్టారు. పిల్లలు చూసి తాతలను అడుగుతున్నారు, అది మంచిదే. కానీ చూడండి, భీమ్ వర్ధంతిని జనం ఇప్పటికీ ఆశ్వయుజ పౌర్ణమి నాడే చేస్తారు. కట్టడం ప్రభుత్వానిది కావచ్చు, తేదీ మాత్రం చంద్రుడిది. అక్కడ అన్నం ఎవరు పెట్టారంటే, టెండరు పెట్టింది అని చెప్పాలి.

మూడోది కేస్లాపూర్. దీని దగ్గర కాసేపు కూర్చుందాం.

గోండు వంశ దేవుడు పెర్సాపేన్‌కు పాతకాలంలో గుడి అవసరం లేదు. చామరం, బల్లెపు మొన ఆయన గుర్తులు. వాటిని దాచి ఉంచి, పండగప్పుడు బయటికి తెస్తారు. ప్రధాన్లు కింగ్రి వాయిస్తూ వంశ చరిత్ర పాడతారు. అసలు కట్టడం ఆ పాటే. మెస్రం వంశంవాళ్ల నాగోబాకు మాత్రం కేస్లాపూర్‌లో చోటుంది. పుష్య అమావాస్యకు ముందు వాళ్లు ఎడ్లబండి కట్టి ఊరూరా తిరిగి జాతర కబురు చెబుతారు. ఝారీ తీసుకుని చెప్పులు లేకుండా రోజుల తరబడి నడిచి, జన్నారం మండలంలో గోదావరి మీది హస్తినమడుగుకు పోయి నీళ్లు తెస్తారు. తిరిగి వచ్చి కేస్లాపూర్ మర్రిచెట్ల కింద మకాం పెడతారు. జాతరకు కుండలు సిరికొండ కుమ్మరి ఇంటి నుంచి రావాలి, ఇంకో చోటివి పనికిరావు. వంశంలో 22 కితలు, అంటే శాఖలు. ఎన్ని వేల మంది వచ్చినా వంట పొయ్యిలు 22. కొత్త కోడళ్లను నాగోబాకు, పెద్దలకు పరిచయం చేసే భేటింగ్ అయితేనే వాళ్లు వంశంలో కలిసినట్టు. 1940లలో హైమన్‌డార్ఫ్ ఈ జాతరలోనే దర్బారు మొదలుపెట్టాడు, అధికారులు జనం దగ్గరికి వచ్చి గోడు వినాలని. దర్బారు ఇప్పటికీ జరుగుతోంది. నేనూ కొన్నిసార్లు అధికారుల కుర్చీల వెనక ఫైళ్లు పట్టుకుని నిలబడ్డాను. విన్నవి ఎక్కువ, చేసినవి తక్కువ.

ఇప్పుడు అక్కడ ఉన్నది రాతి గుడి. 2017లో మొదలై, 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది. ఖర్చు సుమారు 5 కోట్లు. ఆ డబ్బు మెస్రం కుటుంబాలే తలా కొంత వేసుకున్నారు. రైతు ఇచ్చింది రైతుకు తగ్గట్టు, ఉద్యోగి ఇచ్చింది జీతానికి తగ్గట్టు. నా వృత్తిలో ఇలాంటి లెక్క చూడలేదు. మేము ముందు ఎస్టిమేటు వేసి తర్వాత డబ్బుకోసం చూస్తాం. వాళ్లు ముందు ఇళ్లు లెక్కపెట్టుకున్నారు. పత్తి ధర పడిపోయిన ఏడు కూడా చందా ఆగలేదంటే, దాన్ని ఏ ఇంజనీరు కొలుస్తాడు?

అంతా మంచే అని చెప్పి కూర్చోను. ఆ గుడి చూసిన మొదటిసారి నాకు మనసు కొంచెం చివుక్కుమంది. గ్రానైటు, శిఖరం, దక్షిణాది దేవాలయాల తీరు. అడవిలో దాగి ఉండాల్సిన దేవుడు ఇంత నున్నటి రాతిలో ఇమడగలడా? పెద్ద గుళ్లను చూసి మనకూ అలాంటిది కావాలనుకోవడం, మన సొంత తీరును చిన్నచూపు చూసుకోవడం కాదా? ఈ మాట నేను ఒక మెస్రం కుర్రాడితో అన్నాను. వాడు టీచరు. "మేము గడ్డి పాకలో ఉంటే మీకు ఫొటోకు బాగుంటది సార్" అన్నాడు. నోరు మూసుకున్నాను. ఇప్పటికీ నా అనుమానం పూర్తిగా తీరలేదు, వాడి మాటకు జవాబూ దొరకలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఉండనీ.

ఆ అనుమానాన్ని కొంత కరిగించింది మాత్రం మట్టి. ఆ రాతి గుడి దగ్గరే, జాతరలో మెస్రం అల్లుళ్లు, ఆడబిడ్డలు కలిసి మట్టిపుట్ట కడతారు. ఆడబిడ్డలు కోనేటి నీళ్లు మోస్తారు, అల్లుళ్లు మట్టి తొక్కుతారు. ఏటా కడతారు. కోట్లు పెట్టి కట్టుకున్న గుడి పక్కన, ఒక్క పైసా ఖర్చు లేని కట్టడం, పుట్టింటి హక్కుతో వచ్చిన చేతులతో. సివిల్ ఇంజనీరింగులో మాకు నేర్పేది కట్టింది ఎన్నేళ్లు ఆగాలో లెక్క కట్టడం. ఏటా మళ్లీ కట్టుకోవడమే పని అయినప్పుడు ఆ లెక్కకు అర్థం ఏముంది? చమోరో తాతలు రాతిని ఇంటికి పునాది చేశారు, మనవలు దాన్ని ఆకాశానికి ఎత్తారు. మెస్రంలు రాయిని ఎత్తారు, మట్టిని మాత్రం నేల మీదే ఉంచారు.

మార్లవాయి గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ 1987లో చనిపోతే అక్కడే పూడ్చారు. 1995లో లండన్‌లో పోయిన ఆయన అస్థికలు 2012లో కొడుకు తెస్తే అదే చోట, ఆమె పక్కన ఉంచారు. ఎక్కడి ఆస్ట్రియా, ఎక్కడి మార్లవాయి అడవి! అదే మార్లవాయిలో గుస్సాడీ నేర్పి పద్మశ్రీ అందుకున్న కనకరాజు 2024లో కన్నుమూశారు. ఆయనకు ఏం కట్టాలో ఊరివాళ్లకే వదిలేస్తే మంచిదని నా సలహా. నన్ను మాత్రం పిలవకండి, చదును జాగా కనబడితే నా చేతులు ఆగవు.

రిటైరయ్యాక ఒక పుష్య మాసంలో కేస్లాపూర్ పోయాను. ఫైళ్లు లేవు, కుర్చీల వెనక నిలబడే పని లేదు. మర్రిచెట్ల కింద పొగ లేస్తోంది. అక్కడ కూర్చున్న ఒక ముసలాయన దగ్గరికి పోయి, చేతిలో అలవాటుగా తెచ్చుకున్న నోటుబుక్కు తెరిచి, మాస్టారు నన్ను అడిగినట్టే అడిగాను, గుడికి పునాది తీసిన రోజు అన్నం ఎవరు పెట్టారని. ఆయన నోటుబుక్కు వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు, పొయ్యిల వైపు తల తిప్పి మళ్లీ నన్నే చూశాడు.

"నువ్వు తిన్నవా?" అన్నాడు.